తలుపు పట్టని నారుమడి

తలుపు కింది సందులోంచి కాగితం బయటికి జారింది. పంపాయన వంగి తీసుకున్నాడు. వంగినప్పుడు మోకాళ్లు పటుక్కుమన్నాయి. ఆ చప్పుడు లోపలికి వినబడి ఉంటుందా అని ఒక్క క్షణం ఆగాడు. వినబడి, నాన్న ముసలివాడైపోతున్నాడని కూతురు అనుకుని ఉంటే అదీ ఒక పలకరింపే. ఈమధ్య అతను అలాంటి పలకరింపులతోనే కడుపు నింపుకుంటున్నాడు.

కాగితం మీద ఉన్నది అతను గీసిన బొమ్మే. మట్టి లేకుండా నీళ్లతోనే ఇంట్లో నారు పెంచుకునే ఏర్పాటు. కింద నల్లటి నీళ్ల తొట్టె, దాని పక్కన చిన్న పంపు, పైన పక్కపక్కన రెండు పళ్లేలు, వాటి మీద గొలుసులతో వేలాడే లైటు. పంపు నీళ్లను పళ్లేల్లోకి ఎక్కిస్తుంది. గింజలు పెట్టిన స్పాంజి ముక్కలు తడుస్తాయి. తడిశాక నీళ్లు వాటంతట అవే తొట్టెలోకి దిగిపోతాయి. పళ్లేల మీది మూతలు మార్చుకుంటే చాలు, పాలకూరకైనా టమాటాకైనా అదే ఏర్పాటు సరిపోతుంది. మొక్క ఎదిగేకొద్దీ లైటు పైకి జరుపుకోవచ్చు. 'ఏ గింజ పెట్టినా మోసేలా ఉండాలి' అని మొదట రాసింది కూతురే.

ఆ బొమ్మలో ఆమె పెన్సిలుతో చేసిన దిద్దుబాటు ఒక్కటే. పక్కపక్కన ఉన్న పళ్లేలను కొట్టేసి, ఒకదాని కింద ఒకటిగా గీసింది. పక్కన రాసింది: 'వెడల్పు అడుగున్నర చాలు. వెల్డింగ్ వద్దు, బోల్టులు పెట్టు.'

నిన్నటి కాగితం మీదా ఇదే మాట. మొన్నటి దాని మీదా ఇదే.

పంపాయన హాల్లో బల్ల దగ్గర కూర్చుని కొత్త కాగితం తీశాడు. పళ్లేలు మళ్లీ పక్కపక్కనే గీశాడు. మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు. 'పక్కపక్కన ఉంటే ఒక్క లైటు సరిపోతుంది. కింద పెడితే రెండో పళ్లేనికి వెలుతురు రాదు' అని రాశాడు. రాసినదాంట్లో అబద్ధం లేదు. అతన్ని బాధపెట్టిందీ అదే. అబద్ధం ఆడితే ఎప్పుడో ఒకప్పుడు పట్టుబడి మనిషి తేలికపడతాడు. నిజాన్ని అడ్డం పెట్టుకున్నవాడికి ఆ సుఖం కూడా లేదు.

అసలు సంగతి, కూతురి గది తలుపు వెడల్పు రెండడుగుల నాలుగంగుళాలు. టేపు చప్పుడు కాకుండా వేలితో అదిమిపట్టి అతను ఎప్పుడో కొలుచుకున్నాడు.

ఊరికి నీళ్లు ఎక్కించే పంపుహౌసులో అతను జుట్టు నెరిసేదాకా ఆపరేటరుగా పనిచేశాడు, ఇంకా చేస్తున్నాడు. అందుకే వీధిలో అందరికీ అతను పంపాయనే. కూతురికి ఇంట్లో పిలుపు గువ్వ. విత్తనాలు పరీక్షించే చోట ఆమె పని. తడి కాగితం మీద గింజలు పరిచి, ఎన్ని మొలిచాయో, ఎన్ని కుళ్లాయో చూసి చెప్పాలి. ఒక సాయంత్రం ఇంటికొచ్చి, చెప్పులు జతగా పెట్టి, గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. ఏడవలేదు, కసురుకోలేదు. తలనొప్పేమో అనుకున్నారు. జ్వరమేమో అనుకున్నారు. పనిచేసే చోట ఎవరైనా ఏమైనా అన్నారేమో అనుకున్నారు. ఆ తర్వాత అనుకోవడానికి ఏమీ మిగల్లేదు.

చలికాలం వెళ్లి ఎండలు ముదిరాయి. అతను కూతురి ముఖం చూడలేదు.

ఇల్లు ఖాళీ అయ్యాకే ఆమె బయటికి వస్తుంది. తల్లీ తండ్రీ పనులకు వెళ్లి, కింద వీధి గేటు ఖణేల్‌మని పడ్డాక గది గొళ్లెం తీస్తుంది. సాయంత్రం వాళ్లు తిరిగొచ్చేసరికి తిన్న కంచం కడిగి బోర్లించి ఉంటుంది. స్నానాల గది నేల తడిగా ఉంటుంది. ఆ తడిలో ఆమె పాదం ఏమైనా కనిపిస్తుందేమోనని అతను చాలాసార్లు వెతికాడు. నీళ్లు దేనినీ దాచిపెట్టుకోవని అతనికంటే ఎవరికి ఎక్కువ తెలుసు.

ఒక డాక్టరుగారు వచ్చి, కుర్చీ వేసుకుని, తలుపుతో కాసేపు మాట్లాడి వెళ్లారు. వెళ్తూ మెట్ల దగ్గర ఆగి చెప్పారు. "తలుపు బద్దలు కొట్టకండి. ఎందుకు, ఏమిటని అడగకండి. తనంతట తాను ఏదైనా అడిగితే మాత్రం, అడిగింది అడిగినట్టు ఇవ్వండి."

చాలాకాలం ఆమె ఏమీ అడగలేదు. ఒకరోజు తలుపు కిందినుంచి చిన్న చీటీ వచ్చింది. 'ఇంట్లో నారు పోసుకోవచ్చా నాన్నా?' ఆ చీటీ పట్టుకుని పంపాయన హాల్లో అటూ ఇటూ నడిచాడు. డ్యూటీలో పంపు మీద చెయ్యి వేసి, చక్రం సరిగ్గా తిరుగుతోందో లేదో అరచేతితోనే చెప్పగల మనిషి. ఆ చీటీని మాత్రం మళ్లీ మళ్లీ చదివితే తప్ప నమ్మలేకపోయాడు.

మొదటి బొమ్మ అడిగింది అడిగినట్టే గీశాడు. రెండో బొమ్మ దగ్గర ఒక ఆలోచన లోపలికి దూరింది. గదిలోకి పట్టేట్టు చేసి ఇస్తే ఆమెకిక బయటికి రావలసిన పనేముంది? ఇప్పటిదాకా ఆ గదిలో ఏదో ఒకటి తక్కువగా ఉంది. నారు కూడా లోపలికి వెళ్లిపోతే ఇక ఏ లోటూ ఉండదు. లోటు లేని గదిలోంచి మనుషులు ఎందుకు వస్తారు? అదే హాల్లో ఉంటే, లేత మొక్కలు కదా, రోజుకు ఎన్నిసార్లు చూసుకోవాలనిపిస్తుంది. ఎప్పుడో ఒకసారి గేటు చప్పుడు కోసం ఆగలేక వచ్చేస్తుంది.

"టపా వచ్చిందా ఇవాళ?" భార్య వంటింట్లోంచి అడిగింది. ఆమె ఒక పెద్ద హోటల్లో దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే విభాగంలో పనిచేస్తుంది. తండ్రీ కూతుళ్ల కాగితాలకు టపా అని పేరు పెట్టింది ఆమే.

"వచ్చింది."

"ఏమంటుంది?"

"వెడల్పు తగ్గించమంటుంది."

"తగ్గించండి మరి. మీదేం పోయింది?"

"పునాది వెడల్పుగా లేకపోతే బరువాగదు. నీళ్లంటే ఎంత బరువో నీకేం తెలుసు."

"నాకేం తెలుస్తుందిలెండి. పొద్దస్తమానం తడి దుప్పట్లు మోసేదాన్ని, నీళ్ల బరువు నాకెలా తెలుస్తుంది." ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి బల్ల మీది బొమ్మ చూసింది. గది తలుపు వైపు చూసింది. మళ్లీ బొమ్మ చూసింది. గొంతు తగ్గించింది. "మీరు చేస్తున్నది నారుమడా, ఎలుకల బోనా?"

అతను పెన్సిలు చెక్కుకున్నాడు.

"అడిగింది అడిగినట్టు ఇవ్వమన్నారు కదండీ డాక్టరుగారు."

"ఇస్తూనే ఉన్నాగా."

"ఇస్తున్నారు. చొక్కా అడిగిన పిల్లకి గుడ్డ ఇచ్చి, కుట్టించుకోవాలంటే నా దగ్గరికే రా అన్నట్టు ఇస్తున్నారు."

ఇంకా ఏదో అనబోయి ఆగిపోయింది. ఆమె ఎందుకు ఆగిందో అతనికి తెలుసు. ఆ బోను మీద ఆమెకూ కొంచెం ఆశ పుట్టింది. తప్పని తెలిసి కూడా ఇద్దరూ ఒకే ఆశ పట్టుకుని, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా ఆ పూట అన్నం తిన్నారు.

పళ్లేలు మోసే ఇనుప చట్రం పంపుహౌసు పక్కనున్న వర్క్‌షాపులో తయారైంది. వెల్డరు కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తి, చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"ఏంటి బాబాయ్ ఇది? మంచమంటే పొట్టిగా ఉంది, బల్లంటే వెడల్పుగా ఉంది."

"నారుమడి. మా అమ్మాయికి."

"అమ్మాయి ఊళ్లో లేదన్నావుగా?"

"వస్తుంది. వచ్చేసరికి సిద్ధంగా ఉండాలని."

ఆ అబద్ధం నోట్లోంచి వస్తున్నప్పుడు పంపాయనకు ఎంత హాయిగా ఉందంటే, ఇంకో రెండు మాటలు కలిపాడు. అమ్మాయికి మొక్కలంటే ప్రాణమన్నాడు. రాగానే ముందు వాటినే చూస్తుందన్నాడు. చెబుతున్నంతసేపూ గువ్వ చేతిసంచి భుజాన వేసుకుని ఎక్కడినుంచో నడిచి వస్తూనే ఉంది.

"బోల్టులు పెట్టేద్దాం బాబాయ్. రేపెప్పుడైనా విప్పి ఇంకో గదిలోకి మార్చుకోవచ్చు."

"వద్దు. వెల్డింగే పెట్టు."

"నీ ఇష్టం. మళ్లీ విప్పాలంటే కొయ్యడమే."

"విప్పే పని లేదు."

ఇంటి ముందు తలుపు రెండు రెక్కలది కావడంతో చట్రం ఇంట్లోకి సులభంగానే వచ్చింది. హాల్లో, గువ్వ గది తలుపుకు ఎదురుగా పెట్టాడు. కాళ్లకు చక్రాలున్నాయి, ఎటు తిప్పినా మూడడుగులే. తొట్టె కింద చేరింది. పంపు విషయంలో మాత్రం అతను ఎవరి మాటా వినలేదు. దుకాణంవాడు నీళ్లలో ముంచి పెట్టే చిన్న పంపు చూపించి చవకన్నాడు. మునిగిపోయిన పంపు ఏం చేస్తోందో మనిషికి ఎలా తెలుస్తుందని పంపాయన వాదన. బయట ఉండే పంపే తెచ్చాడు. తొట్టెలోంచి పంపుకు నీళ్లు వచ్చే గొట్టానికి ఒక వాల్వు బిగించాడు. వేళకు అదే నడిచి అదే ఆగేలా టైమరు పెట్టాడు.

ఆ తర్వాత తలుపు కిందినుంచి కాగితం రాలేదు.

మర్నాడూ రాలేదు. అతను డ్యూటీలో ఉండగా కూడా ఆ సందే కళ్ల ముందు కదిలింది. కోపం వచ్చిందా, ఇక అసలు రాయదా అని అతను కుమిలిపోతున్న సమయంలో ఒక పొట్లం వచ్చింది. లోపల టమాటా, వంగ, మిరప గింజలు. పొట్లం మీద, 'మొదటి ఆకులు వచ్చేదాకా ఒట్టి నీళ్లే. ఆ తర్వాత ఎరువు నీళ్లు, సీసా మీద చెప్పినదాంట్లో నాలుగో వంతు.' వెడల్పు గురించి ఒక్క మాట లేదు. ఆమె తిట్టి ఉంటే తట్టుకునేవాడు. ఒప్పేసుకుంది. ఏదో ఒకటి దొరికిందే చాలని, చాలా తక్కువకు ఒప్పుకునే మనుషుల్లా ఒప్పేసుకుంది. పంపాయనకు ఆ పొట్లం విప్పబుద్ధి కాలేదు. అయినా విప్పాడు. గింజలు స్పాంజిలో పెట్టాడు.

ముందు టమాటా లేచింది, గింజ తొక్కను టోపీలా నెత్తిన పెట్టుకుని. తర్వాత వంగ. మిరప మాత్రం చాలా రోజులు ఏడిపించి వచ్చింది.

గువ్వ వాటి దగ్గరికి వస్తోంది. అది అతనికి మొక్కలను చూస్తేనే తెలిసేది. వెలుతురు వైపు వంగిన మొక్కలను ఎవరో తిప్పి పెట్టేవారు. ఒకే ముక్కలో రెండు లేస్తే, బలహీనమైనదాన్ని గోటితో తుంచేసి ఉండేది. లైటు గొలుసు ఒక్కో కొండీ పైకి జరిగేది. అతను ఇంట్లో ఉంటే మాత్రం తలుపు తెరుచుకోలేదు. ఎర మాయమవుతోంది, బోను మాత్రం పడటం లేదు.

ఒకరోజు పంపుహౌసులో కరెంటు పోయి, అతను వేళకంటే ముందే ఇంటికి వచ్చాడు. తాళం తీసి లోపల అడుగు పెట్టేసరికి, గొలుసులకు వేలాడే లైటు ఊగుతోంది. కిటికీలు మూసే ఉన్నాయి, గాలి లేదు. ఆమె ఇప్పుడే ఇక్కడ ఉంది. మెట్ల మీద అతని అడుగులు విని, తల లైటుకు తగిలేంత కంగారుగా లేచి పారిపోయింది. దొంగను చూసి పారిపోయినట్టు. అతను చెప్పులు కూడా విప్పకుండా ఆ లైటు ఊగడం ఆగేదాకా నిలబడ్డాడు. అది ఆగాక, ఇంట్లో ఎవరూ లేనట్టే అనిపించింది. తను కూడా.

ఆ లైటు అతన్ని వదల్లేదు. తన అడుగుల చప్పుడే ఆమెకు భయమైతే, ఆ భయం కంటే పెద్దది ఏదైనా ఆమెను బయటికి లాగాలి. ఇలాంటి ఆలోచనలు మంచి మనుషులకు రావని అతను అనుకునేవాడు. వచ్చింది. వచ్చి కూర్చుంది. పళ్లు తోముకుంటుంటే, డ్యూటీకి నడుస్తుంటే, కొంచెం కొంచెంగా రూపు దిద్దుకుంది.

నీళ్లు అందకుండా తిరిగే పంపు అరుస్తుంది. ఇనుము ఇనుమును రాసుకునే అరుపు. ఆ అరుపు విన్న ఏ ఆపరేటరూ తింటున్న ముద్ద నోట్లో పెట్టుకోడు. ఎండ ముదిరిన పూట పళ్లేల్లోకి నీళ్లు ఎక్కకపోతే స్పాంజి ఎండిపోతుంది, లేత కాడలు వాలిపోతాయి. గువ్వ చూస్తూ ఊరుకోదు. వస్తుంది. ఏం చెయ్యాలో తోచక నిలబడి ఉంటుంది. సరిగ్గా అప్పుడు అతను అన్నం డబ్బా మరిచిపోయినవాడిలా తిరిగి వస్తాడు. 'ఏమైందమ్మా' అంటాడు. 'పంపు ఏదో అరుస్తోంది నాన్నా' అంటుంది. ఇద్దరూ పంపు మీదికి వంగుతారు. అంతే. అంతకు మించి అతను ఏమీ ఊహించలేదు. ముఖం చూడటం కూడా తర్వాతి సంగతి. ఇద్దరూ ఒకేదాని మీదికి వంగడం, అంతవరకే.

ఆ రోజు భార్య ముందే పనికి వెళ్లిపోయింది. పంపాయన చొక్కా తొడుక్కుని, డబ్బా కావాలనే బల్ల మీద వదిలి, పంపు దగ్గర వంగాడు. వాల్వు పిడి పావు వంతు తిప్పాడు. ఆ చెయ్యి ఇన్నేళ్లలో ఎన్ని వాల్వులు తెరిచిందో, ఎన్ని మూసిందో. నడవబోయే పంపుకు ముందువైపు వాల్వు మూయడం మాత్రం దానికి ఇదే మొదటిసారి.

"గువ్వా, డ్యూటీకి వెళ్తున్నా."

లోపలినుంచి జవాబు రాలేదు. ఎప్పుడూ రాదు. అతను బయటినుంచి తాళం వేసి, మెట్లు దిగకుండా పైకెక్కాడు. డాబా తలుపు దగ్గర, ఎండ పడని మెట్టు చూసుకుని కూర్చున్నాడు.

కింది ఇంటి డ్రిల్లు మాస్టారు ఉతికిన బట్టల బకెట్టుతో పైకి వచ్చాడు. ఏనాడో ఉద్యోగం మానేసినా నడక మాత్రం ఇంకా కవాతే.

"ఏమయ్యా పంపాయనా, ఇంట్లోంచి గెంటేసిందా మా చెల్లెమ్మ?"

"లేదు మాస్టారూ. కాస్త ఆయాసంగా ఉంటే కూర్చున్నా."

"డ్యూటీకి వెళ్లాలంటే దిగాలి కదయ్యా, ఎక్కితే ఆయాసం రాక ఏం వస్తుంది?" నవ్వి, బట్టలు ఆరేసుకుని, దిగుతూ ఒక మెట్టు మీద ఆగాడు. "ఒంట్లో బాగాలేకపోతే చెప్పు. మొహమాటపడకు."

పంపాయన తలూపాడు. ఆ మంచి మాట అతనికి చెంపదెబ్బలా తగిలింది.

ఎండ ముదిరాక, టైమరు తన వేళకు తాను పనిచేసింది. తలుపులు మూసి ఉన్నా పంపు మొదలైన చప్పుడు అతనికి తెలిసింది. మొదట మామూలుగానే ఉంది, గొట్టంలో మిగిలిన నీళ్లు అయిపోయేదాకా. తర్వాత గొంతు మారింది. సన్నగా, పళ్లు జివ్వుమనేలా అరవడం మొదలుపెట్టింది.

అతని కాళ్లు వాటంతట అవే లేచాయి. మళ్లీ కూర్చోబెట్టాడు. ఇప్పుడు గొళ్లెం తీస్తుంది. ఇప్పుడు తీస్తుంది. గోడకు చెవి ఆనించాడు. అరుపు తప్ప మరేమీ లేదు. ఇంకొంచెం ఆగుదాం. అరుపు గరగరగా మారింది. లోపల రబ్బరు సీలు కాలుతోంది. అతను కళ్లు మూసుకుంటే, తన ఛాతీలోనే ఏదో పొడిగా తిరుగుతున్నట్టు ఉంది. ఆమె చెవులు మూసుకుని మంచం మూల ముడుచుకుని ఉందేమో. ఆ చప్పుడు ఆపడానికి బయటికి రావాలి, వస్తే ఏముందో ఆమెకు తెలియదు. తన పిల్ల ఉన్న ఇంట్లోకి అరిచేదాన్ని వదిలి, తాళం వేసి, మెట్ల మీద కూర్చుని తలుపు చప్పుడు కోసం చెవులు రిక్కించుకున్న ఈ మనిషి ఎవరు? ఆ ప్రశ్నకు జవాబు తెలిసే ఉంది. తెలిసినా ఇంకో నిమిషం కూర్చున్నాడు. తర్వాతి కాలంలో పంపు అరుపు కంటే, వాల్వు కంటే, ఆ ఒక్క నిమిషమే అతన్ని ఎక్కువగా కాల్చింది.

కాలిన వాసన మెట్ల మీదికి వచ్చింది. అతను దిగాడు. తాళం చెవి రెండుసార్లు తప్పింది. లోపలికి వెళ్లి స్విచ్చు ఆపాడు. పంపు మూలుగుతూ ఆగింది. చెయ్యి వేస్తే చుర్రుమంది. పళ్లేలు ఎండిపోయాయి. కిటికీ ఎండ నేరుగా పడి టమాటా నారంతా వాలిపోయింది, కాడలు పళ్లెం అంచు మీద మెడలు వేలాడేసి ఉన్నాయి.

గది తలుపు మూసే ఉంది.

"గేటు చప్పుడు రాలేదు."

గువ్వ గొంతు. చాలా దగ్గరగా ఉంది. తలుపుకు ఆనుకుని నిలబడి ఉంది. చాలాకాలం వాడని గొంతు, అంచులు తుప్పు పట్టి ఉంది.

"నువ్వు దిగి ఉంటే గేటు పడేది. పడలేదు. పంపేమో నీళ్లు లేక అరుస్తోంది. నువ్వు వాల్వు మర్చిపోయే మనిషివి కాదు నాన్నా."

"గువ్వా..."

"గొళ్లెం మీద చెయ్యి వేశాను. టమాటాలు వాలిపోతాయని. తీసేదాన్నే." లోపల గొళ్లెం చిన్నగా కదిలింది. "అప్పుడు అర్థమైంది. ఇక తియ్యలేకపోయాను. నిజంగా మర్చిపోయి ఉంటే బావుండును అనుకుంటూ అలాగే నిలబడ్డాను."

పంపాయన నేల మీద కూలబడ్డాడు. లైటు గురించి, బరువు గురించి చెప్పిన నిజాలన్నీ ఒక్కసారిగా ఎందుకూ పనికిరాకుండా పోయాయి.

"నిన్ను చూడాలనిపించిందమ్మా," అన్నాడు చివరికి.

"తెలుసు." అంది గువ్వ. "ముందు వాటికి నీళ్లు పొయ్యి."

అతను లేచి, చెంబుతో తొట్టెలోంచి నీళ్లు తీసి పళ్లేల్లో పోశాడు. ఒక్కో ముక్కా తడిసేదాకా పోశాడు. ఆ తర్వాత లోపలి అల్మారాలోంచి ఇనుము కోసే హ్యాక్సా తీశాడు.

భార్య వచ్చేసరికి హాలంతా ఇనుప రజను. పళ్లేలు కుర్చీల మీదికి ఎక్కాయి. భర్త చెమటతో తడిసి, చట్రం అడ్డ గొట్టాన్ని సగానికి కోస్తున్నాడు. ఆమె కాలిన పంపును చూసింది. బల్ల మీద మూత తియ్యని అన్నం డబ్బా చూసింది. ఆ రెండూ చూశాక అడగడానికి ఏమీ లేకపోయింది. చేతిసంచి పక్కన పెట్టి, కొంగు దోపుకుని, గొట్టం రెండో చివర పట్టుకుంది.

"కదలకుండా పట్టుకో," అన్నాడు.

"పట్టుకున్నా. అడుసు తొక్కడమెందుకు, కాలు కడుక్కోవడమెందుకు." కాసేపటికి, "చెయ్యి కోసుకునేరు. నెమ్మదిగా," అంది.

"ఏం కోస్తున్నారు?" గువ్వ అడిగింది లోపలినుంచి.

ఆ గొంతు విన్న తల్లి గొట్టం వదిలేసింది. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పంపాయనే జవాబు చెప్పాడు.

"వెడల్పు. అడుగున్నర చేస్తున్నా."

కోసిన గొట్టాలను క్లాంపులతో, బోల్టులతో కలిపాడు. పళ్లేలు ఒకదాని కింద ఒకటి చేరాయి, ఆమె గీసినట్టే. కింది పళ్లేనికి లైటు లేదు. వాలిపోయిన టమాటాలను పైన పెట్టాడు. కాలిన పంపును విప్పి పక్కన పడేశాడు. సన్నగా, పొడుగ్గా, కొంచెం పక్కకు ఒరిగిన ఆ చట్రాన్ని తలుపు ముందుకు తోశాడు.

"తయారైందమ్మా."

"మీరిద్దరూ వంటింట్లోకి వెళ్లండి."

వెళ్లారు. పొయ్యి దగ్గర గోడకు ఆనుకుని, చిన్నపిల్లల్లా ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. గొళ్లెం చప్పుడైంది. తలుపు కిర్రుమంది. చక్రాలు కొంచెం దొర్లాయి. ఠక్కున ఏదో తగిలింది. మళ్లీ తోసిన చప్పుడు. మళ్లీ ఠక్.



"నాన్నా. గడప ఎక్కట్లేదు."

పంపాయన నుదురు కొట్టుకున్నాడు. తలుపు వెడల్పు కొలిచినవాడు గడప ఎత్తు కొలవలేదు. లోపలికి వెళ్లకూడదని చేసినదానికి గడప సంగతి ఎవరికి తడుతుంది? బొటనవేలంత చక్రాలు వేశాడు.

"వచ్చి ఒక పక్క ఎత్తు. నా వైపు చూడకు."

"చూడను."

తలొంచుకుని వెళ్లాడు. చట్రానికి అవతల, గది చీకట్లోంచి, రెండు చేతులు ఇనుప గొట్టాన్ని పట్టుకుని ఉన్నాయి. గోళ్లు పొట్టిగా కత్తిరించి ఉన్నాయి. చూపుడు వేలికి పెన్సిలు మరక. అతను కళ్లను టమాటా నారు మీదికి తిప్పుకున్నాడు. సగం కాడలు నీళ్లు తాగి తలెత్తాయి. మిగతా సగం లేచేలా లేవు.

"మూడు అనగానే ఎత్తు," అంది. లెక్కపెట్టింది. ఇద్దరూ ఎత్తారు. తొట్టెలో నీళ్లు అటూ ఇటూ కొట్టుకున్నాయి. బరువు ఒక్క క్షణం ఇద్దరి మీదా సమానంగా నిలిచి, గడప దాటి, ఆమె వైపు దిగింది.

"మరి నీళ్లు?" అన్నాడు కింద చూస్తూనే. "లోపల కుళాయి లేదు."

"పంపు కాలిపోయిందిగా. చెంబుతో పోసుకుంటా. పొద్దున ఒక బకెట్టు కావాలి, సాయంత్రం ఒకటి."

కొత్త పంపు తెస్తానని అతని నాలుక చివరిదాకా వచ్చింది. సీలు మారిస్తే పాతదే నడుస్తుంది, అతనికి అది గంట పని. వెనక నిలబడ్డ భార్య అతని చొక్కా అంచు పట్టి గట్టిగా లాగింది. అతను నోరు మూసుకున్నాడు.

"గేటు దాకా వెళ్లి రావాలా, బకెట్టు తెచ్చినప్పుడు?" అని అడిగాడు.

లోపల చక్రాలు కొంచెం దూరం దొర్లి ఆగాయి.

"వద్దు. తలుపు తట్టి, పెట్టి, అక్కడే ఉండు. బకెట్టు బరువు. నేనొక్కదాన్ని గడప దాటించలేను."

తలుపు మూసుకుంది. గొళ్లెం పడింది. పంపాయన వంటింటి కుళాయి కింద బకెట్టు పెట్టి, నిండేదాకా అక్కడే నిలబడ్డాడు.